పర్మిషన్ ఇస్తేనే పెరిగే జీతం

ఇంతవరకు మీకు తెలిసిన సంగతి ఇది. సింగరేవు అణు విద్యుత్ ప్లాంటుకు పర్మిషన్ ఇవ్వకుండా ఆపిన మనిషి షిఫా. ఆమె జాతీయ అణుభద్రతా సంస్థలో తనిఖీ విభాగానికి అధిపతి, ఏలూరు తివాచీల జిలానీ గారి పెద్దమ్మాయి. ప్రమాదం వచ్చినప్పుడు రియాక్టరు మీదికి చల్లటి నీళ్ళు వదలాల్సిన వాల్వుల్లో ఒకటి పరీక్షలో తెరుచుకోలేదు. కారణం తేలేదాకా సంతకం పెట్టనని ఆమె అంటోంది. అంతా బాగు చేశామని ప్లాంటు కట్టిన అరుణాంశ కంపెనీ అంటోంది. ఈలోగా ఆమె దగ్గరి సీనియర్లు ఒకరి తర్వాత ఒకరు మూడు రెట్ల జీతానికి అదే కంపెనీలో చేరిపోతున్నారు. వాళ్ళను నిలబెట్టుకోవాలంటే జీతాలు పెంచాలని ఆమె రెండేళ్ళు పోరాడి ఒక కమిటీ వేయించింది. తనూ ఒక సభ్యురాలైన ఆ ముగ్గురి కమిటీ ఆఖరి సమావేశం కోసం శనివారం ఉదయం ఆమె ఏలూరులో రైలెక్కింది.

రైలు భీమడోలు దాటుతుండగా ఎలీయాజరు ఫోన్ చేశాడు. కామవరపుకోట మనిషి. షిఫా విభాగంలో మిగిలిన సీనియర్లలో వాల్వుల సంగతి క్షుణ్ణంగా తెలిసినవాడు అతనొక్కడే. అరుణాంశ వాళ్ళు అతన్నీ పిలిచారు. కమిటీ ఏదో ఒకటి తేల్చేదాకా ఆగుతానని షిఫాకు మాటిచ్చాడు.

“ఇవాళ తేలిపోతుందాండి మేడమ్?”

“తేలిపోతుంది. సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను.”

“నాకైతే వెళ్ళాలని లేదండి. ఇంట్లో మాత్రం రోజూ అదే మాటండి. అంత జీతం ఇస్తామంటుంటే ఇక్కడెందుకు వేలాడుతున్నావని అడిగితే నేనేం చెప్పను చెప్పండి?”

“ఏం చెప్పాలో సాయంత్రానికి నేను చెప్తాను. ఈ ఒక్కపూటా ఓపిక పట్టండి.”

“అలాగేనండి,” అన్నాడు ఎలీయాజరు. ఇంకేదో చెప్పబోయి ఆగినట్టు అనిపించింది. చెరువుల మధ్యనుంచి పోతున్న రైల్లో సిగ్నల్ సరిగ్గా లేదేమోననుకుంది షిఫా.

తాడేపల్లిగూడెం స్టేషన్ నుంచి సుందరరామయ్య మాస్టారి ఇంటికి ఉల్లిపాయల లారీల మధ్యనుంచే వెళ్ళాలి. ఆటో దిగేసరికి ఆమె చీరకు కూడా ఆ వాసన పట్టింది. మాస్టారు ఒకప్పుడు ఏలూరు కాలేజీలో ఆమెకు ఫిజిక్స్ చెప్పారు. తర్వాత వైస్ ఛాన్సలరయ్యారు, ఎన్నో జీతాల కమిటీలకు పెద్దగా వ్యవహరించారు. ఈ కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు. ఆయన పేరు సూచించిందీ షిఫాయే. మోకాలి ఆపరేషనై ప్రయాణాలు మానేయడంతో సమావేశం ఆయన ఇంటి హాల్లోనే పెట్టారు.

“రా అమ్మా. టిఫిన్ తిని వచ్చావా, రత్నమాలను పెట్టమననా?” అన్నారాయన కుర్చీలోంచే.

“తినే వచ్చానండి మాస్టారూ.”

మూడో సభ్యుడు శ్రీరామచంద్ర అప్పటికే కాఫీ తాగుతున్నాడు. ప్రభుత్వం తరఫున ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి. ఎన్నేళ్ళు అక్కడున్నా మాటలో గోదావరి మెత్తదనం పోలేదు.

“మేడమ్ గారూ, మీరు సంతోషించే కబురుతోనే వచ్చానండి,” అన్నాడు లేచి నిలబడి. “మీరు సగం పెంచమన్నారు. మేం దాదాపు రెట్టింపు చేస్తున్నాం. సీనియర్ ఇన్‌స్పెక్టరు నుంచి మీదాకా అందరికీనండి. బయటి కంపెనీలతో పోటీపడాలని మీరన్నమాట అక్షరాలా పాటించాం. అందులో మూడోవంతు మాత్రం పనితీరు భత్యంగా వస్తుంది.”

రెండేళ్ళుగా ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు, ప్రభుత్వ ఉద్యోగికి అంత జీతమా అని నవ్వేవారు. ఆ నవ్వులు విని విని షిఫాకు చెవులు మూసుకున్నా వినబడేవి. ఇప్పుడు ఎలీయాజరు తన ఇంట్లో తలెత్తుకుని మాట్లాడొచ్చు. వెళ్ళిపోయినవాళ్ళలో ఒకరిద్దరు తిరిగి వచ్చినా రావొచ్చు.

“చాలా థాంక్సండి,” అంది. “పనితీరు ఎలా చూస్తారండి?”

అనుమానంతో అడగలేదు. సోమవారం తనవాళ్ళకు వివరించాల్సింది తనే కనుక అడిగింది.

“గడువులోగా ఎన్ని దరఖాస్తులు పరిష్కరించారన్న దాన్నిబట్టండి.”

“లోపం కనబడి మేం తిప్పి పంపామనుకోండి. అదీ పరిష్కరించినట్టేనా?”

శ్రీరామచంద్ర కాఫీ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. “తిప్పి పంపినవి మళ్ళీ వస్తాయి కదండీ. పని అయిపోయినట్టు ఎలా అవుతుంది? పర్మిషన్ ఇచ్చిన రోజే ఫైలు మూసినట్టు లెక్క.”

“అంటే పర్మిషన్ ఇస్తే పూర్తి జీతం. ఆపితే కోత.”

“కోత అనకండి మేడమ్. భత్యం రాదు, అంతే.”

షిఫా మాస్టారి వైపు చూసింది. ఇది ఎక్కడో ఢిల్లీలో ఎవరో దూర్చిన మాట అని, ఆయన ఇప్పుడే అభ్యంతరం చెబుతారని ఎదురుచూసింది. ఆయన కట్టు కట్టిన మోకాలు సవరించుకున్నారు.

“ఆ షరతు నేనే రాశానమ్మా,” అన్నారు.

“మీరా మాస్టారూ?”

“నేనే. విను ముందు. ఉత్తపుణ్యానికి ఎవరూ డబ్బివ్వరు. రెట్టింపు జీతమిస్తే దేశానికి ఏమొస్తుందని వాళ్ళడిగారు. పనులు వేగంగా అవుతాయని చెప్పాను. వేగం అంటేనే ఫైలు కదిలింది. లేకపోతే ఇంకో రెండేళ్ళు ఇలాగే తిరిగేదానివి. ఈలోగా నీ దగ్గర ఎవరు మిగులుతారు? ఖాళీ కుర్చీలు తనిఖీలు చేస్తాయా?”

“చేయవండి.”

“మరి? నీ మనుషుల మీద నీకు నమ్మకం లేదా? మంచివాడు భత్యం కోసం తప్పు సంతకం పెడతాడా?”

“పెట్టడండి,” అంది షిఫా. “తప్పని తెలిస్తే పెట్టడు. కానీ మా పనిలో తప్పు అంత స్పష్టంగా ఎప్పుడు కనబడుతుంది మాస్టారూ? ఒక వాల్వు పదిసార్లు తెరుచుకుంటుంది, ఒకసారి మొరాయిస్తుంది. ఆ ఒకసారి ఎందుకైందో వెతకాలంటే నెలలు పడుతుంది. ఇంట్లో ఫీజులు కట్టాల్సిన నెలైతే, పర్వాలేదులే అనిపిస్తుంది. అబద్ధం రాస్తున్నాననుకోడు. నిజంగానే పర్వాలేదని నమ్ముతాడు. మనసు ఎటు మొగ్గిందో అతనికే తెలీదు. అలా మొగ్గేలా మనమే జీతమిస్తున్నాం.”

“మరీ అంత దూరం ఆలోచించక్కర్లేదండి,” అన్నాడు శ్రీరామచంద్ర. “మీవాళ్ళంతా సేవాభావం ఉన్నవాళ్ళు. డబ్బు కోసమే పనిచేసేవాళ్ళయితే ఈపాటికి...”

“సేవాభావం సంగతి పక్కన పెట్టండి,” అంది షిఫా. “మాకు డబ్బు కావాలండి. అడగడానికి నాకేమీ సిగ్గు లేదు. ఇవాళా అడుగుతాను, రేపూ అడుగుతాను. మా నాన్న నేసిన తివాచీ సగం ధరకి అడిగేవాళ్ళు, మీది కళ కదండీ, డబ్బుదేముంది అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళెవరూ తమ వస్తువు సగానికి అమ్మగా నేను చూడలేదు. మా జీతం పెంచండి. బాగా పెంచండి. మేం ఔనన్నా కాదన్నా ఒకేలా ఇవ్వండి. కాదనడానికే మమ్మల్ని పెట్టుకున్నారు మీరు.”

శ్రీరామచంద్ర చిరునవ్వు నవ్వాడు. కోపం తెచ్చుకునే మనిషి కాడు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

“మేడమ్, మీకో మాట చెప్పాలండి. ఇంకా బయటికి రాలేదు. మీ సంస్థ చైర్మన్ గారు వచ్చే నెల దిగిపోతున్నారు. ఆ కుర్చీకి పంపిన పేర్లలో మీదే మొదటిది. ఏలూరు నుంచి వెళ్ళిన ఆడపిల్ల ఆ కుర్చీలో కూర్చుంటే మాకూ గర్వమేనండి. కమిటీ ఏకగ్రీవంగా ఉంటే ఆ దారి సాఫీగా ఉంటుంది. కుర్చీలో కూర్చున్నాక ఈ షరతు మీరే తీసేయొచ్చు కూడా.”

షిఫాకు ఆశ పుట్టలేదని చెప్పలేం. ఆ కుర్చీ ఆమెకు కావాలి. దానికి తను తగుదునని ఆమెకు తెలుసు. లోపల ఒక క్షణం, పైకెళ్ళాక సరిచేయొచ్చు కదా అన్న మాట అందంగానే వినిపించింది. అంత అందంగా వినిపించడమే ఆమెను భయపెట్టింది.

“ఇప్పుడే తీయలేనిదాన్ని అక్కడ కూర్చుని ఏం తీస్తానండి?” అంది. “ఆ కుర్చీ నా పనిని చూసి ఇస్తే తీసుకుంటాను. ఈ సంతకం చూసి ఇచ్చేదైతే మీ దగ్గరే ఉంచుకోండి.”

“షిఫా, తొందరపడకు,” అన్నారు మాస్టారు.

“తొందరపడట్లేదండి. మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? మీ పక్కింటి పాపారావు గారి చెరువు సంగతి ఏమైంది?”

మాస్టారి ముఖం మారింది. “దానికీ దీనికీ ఏమిటి?”

“కిందటిసారి వచ్చినప్పుడు విన్నాను. కొల్లేరు పక్కన చేపల చెరువు. నీళ్ళు పరీక్ష చేయడానికి మేత కంపెనీ మనిషి డబ్బు తీసుకోకుండా వచ్చేవాడట. ఎంత మేత అమ్ముడైతే అతనికి అంత కమీషన్. నీళ్ళు చెడిపోతున్నాయి, మేత ఆపండి అని అతను ఒక్కసారీ చెప్పలేదట. చివరికి చేపలన్నీ ఊపిరాడక నోళ్ళు తెరిచి పైకి తేలాయన్నారు. మీరు కూడా అందులో పెట్టుబడి పెట్టారని...”

“ఎవరు చెప్పారు నీకు?”

“నేనే చెప్పానండి,” అంది వంటింటి గుమ్మంలోంచి మాస్టారి భార్య రత్నమాల. స్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మాట ఎప్పుడూ పైకి లేవదు. “మీరు చెప్పుకోరు కదా. ఏవండీ, ఆ మేత కంపెనీ ఆయన ఆవేళ గట్టు మీద కూర్చుని ఏడ్చాడు గుర్తుందా? నేను అబద్ధం చెప్పలేదండి, బాగానే ఉన్నాయనుకున్నానండి అన్నాడు. అతను మంచివాడే. నిజంగానే బాగున్నాయనుకుని ఉంటాడు.”

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు తను రాసిన కాగితం ముందుకు లాక్కున్నారు. కిటికీ అవతల ఉల్లిపాయల లారీ ఒకటి రివర్సులో మొత్తుకుంటూ వెళ్ళింది. ఎన్నో కమిటీల్లో తన మాటే చివరి మాటగా నెగ్గించుకున్న మనిషికి, తన రాతను తనే కొట్టేసుకోవడం ఎంత కష్టమో షిఫాకు తెలుసు.

“ఏం రాయమంటావు చెప్పు,” అన్నారాయన చివరికి.

“పెంచిన జీతమంతా స్థిరంగా ఉండాలండి. పర్మిషన్ల సంఖ్యతో ఏ భత్యానికీ సంబంధం ఉండకూడదు. ఇంకొకటి. మా దగ్గర మానేసినవాళ్ళు, తాము తనిఖీ చేసిన కంపెనీలో మూడేళ్ళ దాకా చేరకూడదు.”

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశారు. “ఈ రెండోది నీ వాళ్ళకే నచ్చదు. నిన్ను తిట్టుకుంటారు.”

ఎలీయాజరు ఆమెకు గుర్తొచ్చాడు. సాయంత్రం అతనికి చెప్పాల్సింది ఇదా అనుకుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

“తిట్టుకోనివ్వండి. మంచి జీతం అడిగినప్పుడు ఈమాత్రం మనమూ ఇవ్వాలి. మొదట నాకే వర్తిస్తుందని పేరు పెట్టి రాయండి.”

ఆయన తను రాసినదాన్ని అడ్డంగా కొట్టేశారు. కొత్తవి రెండూ తన చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టి షిఫా వైపు జరిపారు. ఆమె సంతకం పెట్టింది. శ్రీరామచంద్ర పెన్ను ముట్టుకోలేదు. ఒక్క నిమిషం అని చెప్పి వరండాలోకి వెళ్ళి ఫోన్‌లో మాట్లాడాడు. తిరిగొచ్చినప్పుడు కూడా అదే చిరునవ్వు.

“ఇద్దరు అటు, ఒకరు ఇటు. అలాగే పంపిద్దామండి, నాకేం అభ్యంతరం లేదు. మేడమ్, సోమవారం నుంచి మీరు ట్రైనింగ్ సెంటరులో చేరాలండి. ఆర్డరు మీకొస్తుంది. తనిఖీ విభాగాన్ని వేరేవాళ్ళు చూసుకుంటారు.”

“ఇది అన్యాయమండీ,” అన్నారు మాస్టారు, చేతికర్ర కోసం వెతుక్కుంటూ. “నా ఇంట్లో కూర్చుని నా ఎదుట...”

“బదిలీలు మామూలేనండి, మాస్టారు గారూ.”

షిఫా తన సంచి సర్దుకుంటోంది. ఆమె ముఖం చూసి శ్రీరామచంద్ర మొదటిసారి తడబడ్డాడు. ఆమె బాధపడుతున్నట్టు లేదు.

“సోమవారం నుంచేనాండి?” అని అడిగింది.

“అవునండి.”

“ఇవాళ శనివారం కదండీ. అంటే సోమవారం దాకా నేనే అధిపతిని. చెప్పాపెట్టకుండా ఏ ప్లాంటులోకైనా వెళ్ళి తనిఖీ చేసే హక్కు ఈ రెండురోజులూ నాకుంది.”

ఆమె వంగి మాస్టారి పాదాలకు నమస్కరించింది. ఆయన ఆమె తల మీద చేయి పెట్టి, “సింగరేవుకేనా?” అని మాత్రం అడిగారు. ఆమె తలూపింది.

స్టేషన్లో ఏలూరు వెళ్ళే బండి కోసం కాకుండా, విశాఖపట్నం వైపు వెళ్ళే బండి ఆగే ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి నిలబడింది. ఎలీయాజరుకు ఫోన్ చేసింది. వాల్వు విప్పించి చూడాలంటే అతను పక్కన ఉండాలి. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్. ఉదయం నుంచి తన ఫోన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి ఫోన్ కట్టేసుకోవడమేమిటో ఆమెకు అంతుబట్టలేదు.

బండి వచ్చింది. ఎక్కి కూర్చుని, అది కదలబోతుండగా తండ్రి జిలానీ నుంచి ఫోన్.

“అమ్మా, ఎక్కడున్నావు? ఇంటికి ముగ్గురొచ్చారు. అరుణాంశ కంపెనీ అంట. నీకు పెద్ద ఉద్యోగం ఇస్తారంట, నన్ను నచ్చజెప్పమంటున్నారు.”

“మీరేమన్నారు నాన్నా?”

“నా కూతురి ఉద్యోగం నేను బేరం చెయ్యనండీ అన్నాను. టీ ఇచ్చాను. ఇంకా కూర్చునే ఉన్నారు. ముగ్గురిలో ఒకాయన నాకు తెలుసు. మొన్న రంజాన్‌కి మనింటికొచ్చి భోంచేశాడు కదా, ఎలీయాజరు గారు. వచ్చిన దగ్గర్నుంచీ తల ఎత్తట్లేదు పాపం.”

షిఫా సీటు అంచు పట్టుకుంది. రైలు వేగం పుంజుకుంటోంది.

“ఆయనకొకసారి ఫోన్ ఇవ్వండి నాన్నా. మిగతావాళ్ళ ఎదుట కాదు. మగ్గం గదిలోకి తీసుకెళ్ళండి.”

అడుగుల చప్పుడు. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు. తర్వాత ఎలీయాజరు గొంతు, గుసగుసగా.

“మేడమ్, సింగరేవు వెళ్తున్నారాండి?”

“మీకెవరు చెప్పారు?”

“ఇందాక వీళ్ళకి ఢిల్లీ ఆయన ఫోన్ చేశాడండి. మీరొస్తున్నట్టు అక్కడ గేటు దగ్గర కూడా తెలుసు. వెళ్ళకండి మేడమ్. మిమ్మల్ని ఆపరు, మర్యాదగానే లోపలికి తీసుకెళ్తారు. మొన్న మొరాయించిన వాల్వు చూపిస్తారు. అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎందుకంటే అది కొత్తదండి. మిగిలిన వాల్వులన్నీ పాత రకమే, అన్నింట్లోనూ అదే లోపం. మీరు చూసేదాన్ని ఒక్కదాన్నే మారిస్తే చాలని...”

“చాలని ఎవరన్నారు?”

“నేనేనండి.”

షిఫా కళ్ళు మూసుకుంది. ఇతని కోసమే కదా రెండేళ్ళు తిరిగింది. ఇతన్ని తలచుకునే కదా ఆ హాల్లో అంతసేపు పోట్లాడింది.

“అయితే మిగిలినవి ఎక్కడెక్కడున్నాయో నాకు చూపించగలిగినవాళ్ళు కూడా మీరే,” అంది. “నేను దిగను. మీరు వెనకొచ్చే బండెక్కండి. మనిద్దరి లెక్క తర్వాత చూసుకుందాం, ముందు వాల్వులు విప్పిద్దాం.”

“మేడమ్, నేను వాళ్ళ ఉద్యోగంలో నిన్ననే...”

మాట పూర్తి కాలేదు. మగ్గం గది తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. “లోపల పని ఉందండీ, మీరు ముందు గదిలో కూర్చోండి,” అంటున్నాడు జిలానీ. మరో గొంతు, షిఫా ఎప్పుడూ వినని గొంతు, ఎంతో మర్యాదగా అంది:

“ఆ ఫోన్ ఇలా ఇవ్వండి, ఎలీయాజరు గారూ.”